'సహజం' అన్న మాటను ఎవరు అన్నారు?

(ముస్లిం రచయితలు, విద్యార్థులు, వారి కుటుంబాలు పాల్గొన్న ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విమర్శ సిద్ధాంతాల వెలుగులో సాహిత్యంలోని అస్తిత్వం, సమాజం, ప్రకృతి అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. అంశం పెద్దది, ఇచ్చిన సమయం చిన్నది. పైగా ఈ సభలో విశ్వవిద్యాలయ పరిశోధకులు పదిమంది ఉంటే, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లులు అంతకు మూడింతలు ఉన్నారు. అందుచేత సిద్ధాంతకర్తల పేర్ల పట్టిక చదివి వినిపించే పని పెట్టుకోలేదు. ఒక్క మాటను పట్టుకుని మాట్లాడదలిచాం. ఆ మాట 'సహజం'.

మేము ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించాం. బదిలీ మీద వెళ్లిన ప్రతి ఊళ్లోనూ మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఎంతో ఆదరంగా ఒక ప్రశ్న అడిగేవారు: "సాయిబు గారూ, ఇంత చక్కటి తెలుగు మీరెక్కడ నేర్చుకున్నారండీ?" అడిగినవారి మనసులో ద్వేషం లేదు. మెచ్చుకోవడమే వారి ఉద్దేశం. అమ్మ దగ్గర నేర్చుకున్నామని చెబితే అది వినయం అనుకుని నవ్వేవారు. పక్క కుర్చీలోని మరో తెలుగు పండితుణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయనకు తెలుగు రావడం సహజం, మాకు రావడం విశేషం. ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరమే ఈనాటి మా ప్రసంగ విషయం.

విమర్శనాత్మక సిద్ధాంతం అన్న పేరు వినగానే, అది మనకు సంబంధం లేని పాశ్చాత్య వ్యవహారమని భావించేవారు ఉన్నారు. దాని పుట్టుకను ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1923లో ఒక సామాజిక పరిశోధన సంస్థ ఏర్పడింది. అందులోని ముఖ్యులలో అనేకులు యూదు కుటుంబాలలో పుట్టినవారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆ సంస్థ అక్కడ మూతపడి, మొదట జెనీవాకు, తరువాత న్యూయార్క్‌కు తరలిపోయింది. సంప్రదాయ సిద్ధాంతానికీ విమర్శనాత్మక సిద్ధాంతానికీ భేదం చెప్పిన తన ప్రసిద్ధ వ్యాసాన్ని మాక్స్ హోర్క్‌హైమర్ ఆ ప్రవాసంలోనే, 1937లో ప్రకటించాడు. ఆ బృందానికి సన్నిహితుడైన వాల్టర్ బెంజమిన్ 1940లో నాజీల నుంచి తప్పించుకుంటూ స్పెయిన్ సరిహద్దులో ప్రాణం తీసుకున్నాడు. తరతరాలుగా జర్మన్ భాషలో కలలు కన్న కుటుంబాలను ఒక్కసారిగా 'మీరు ఈ మట్టివాళ్లు కారు' అన్న రాజ్యం నుంచి పుట్టిన ఆలోచన ఇది. నాజీలు ఊరేగించిన నినాదాలలో ఒకటి 'రక్తం, నేల'. రక్తమూ ప్రకృతే, నేలా ప్రకృతే. మనుషులను వెలివేయడానికి ప్రకృతినే సాక్ష్యానికి పిలిచారన్నమాట. కాబట్టి ఈ సిద్ధాంతం మనకు పరాయిదేమీ కాదు. ఒక అల్పసంఖ్యాక సమూహం తన ఇంట్లోనే పరాయిదైనప్పుడు అడిగిన ప్రశ్నలే దాని పునాదులలో ఉన్నాయి.

దాని సారాన్ని మాకు అర్థమైనంతలో చెబుతాం. సంప్రదాయ పద్ధతి ఉన్నదాన్ని ఉన్నట్టు వర్ణిస్తుంది. విమర్శనాత్మక పద్ధతి 'ఇది ఇలా ఎప్పటినుంచి ఉంది, ఎవరికి మేలు చేస్తోంది' అని అడుగుతుంది. ఆ అడుగుతున్న మనిషి ఎక్కడ నిలబడి అడుగుతున్నాడో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఈ చివరి మాటను గుర్తు పెట్టుకోండి, దానితో మాకు తరువాత పని ఉంది.

ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1957లో ప్రచురించిన 'మైథాలజీస్' అనే పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. ఆయన క్షౌరశాలలో కూర్చుని ఉండగా ఎవరో ఒక వారపత్రిక చేతికిచ్చారు. ముఖచిత్రం మీద ఫ్రెంచి సైనిక దుస్తుల్లో ఒక నల్లజాతి యువకుడు వందనం చేస్తున్నాడు. ఆ బొమ్మ ఏ వాదనా చేయదు. 'మా సామ్రాజ్యంలో అందరూ మా బిడ్డలే, ఇదిగో చూడండి' అన్న మాటను నోరు మెదపకుండానే ఒప్పించేస్తుంది. ఆ రోజుల్లోనే అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం చేస్తున్న యుద్ధం ఆ బొమ్మలో ఎక్కడా కనిపించదు. చరిత్రను ప్రకృతిగా మార్చి చూపడమే ఇటువంటి కథనాల పని అని బార్త్ నిర్ధారించాడు. మన సినిమాలలో సాయిబు పాత్ర 'నీకీ, నాకీ' అంటూ తెలుగును విరిచి మాట్లాడుతుంది. అది ఎవరో ఒక రచయిత కూర్చుని రాసిన సంభాషణ. నలభై ఏళ్లు వినగా వినగా అది మన స్వభావమైపోయింది. మమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన పెద్దమనుషులు ఆ సంభాషణ విన్నవారే.

ఇక తెలుగు వ్యాకరణం తరగతిలోకి వద్దాం. అది మాకు అలవాటైన చోటు.

పిల్లలకు ప్రకృతి–వికృతులు నేర్పుతాం. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. ముఖం ప్రకృతి, మొగం వికృతి. సంస్కృత పదం మూలం కాబట్టి అది ప్రకృతి, దాని నుంచి మారి వచ్చింది కాబట్టి తెలుగు రూపం వికృతి. వ్యాకరణ పరిభాషగా ఇందులో తప్పు లేకపోవచ్చు. కానీ పొయ్యి దగ్గర తల్లి రోజూ పలికే 'అగ్గి' అన్న మాట వికృతి అని పదేళ్ల పిల్ల నేర్చుకున్నప్పుడు, వ్యాకరణంతోపాటు ఇంకేదో కూడా నేర్చుకుంటుంది. ఆ పక్క పేజీలోనే 'అన్యదేశ్యాలు' అన్న శీర్షిక ఉంటుంది. కాగితం, కలం, జవాబు, వకీలు, బజారు, ఖరీదు. అరబ్బీ, పారసీల నుంచి వచ్చిన మాటలు. ఇతర దేశపు మాటలు.

ఆ పట్టికలో సాధారణంగా కనిపించని మాటలు కొన్ని చెబుతాం. 'రైతు' అన్న పదం అరబ్బీలోని 'రయ్యత్' నుంచి వచ్చింది. తెలుగు నేలకు ప్రతీక ఎవరని అడిగితే ఏ కవి అయినా రైతు అనే అంటాడు. ఆ పేరే అన్యదేశ్యం. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరత్కాలం, రబీ అంటే వసంతం. మన పొలం ఏడాదికి రెండుసార్లు అరబ్బీ మాట పలికి గాని పంట ఇవ్వదు. తెలంగాణ భూమి లెక్కలలో మాగాణికి 'తరి', మెట్టకు 'ఖుష్కి' అని రాస్తారు. పారసీలో తర్ అంటే తడి, ఖుష్క్ అంటే పొడి. పాత కాగితాలలో ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసల్ అంటే పంట. నేల తడిసిందో ఎండిందో చెప్పడానికి, ఏ పంట ఏ కాలంలో వేయాలో చెప్పడానికి, దున్నేవాణ్ణి పిలవడానికి ఈ మాటలు కావలసి వచ్చాయి. అవి కత్తి పట్టుకుని వచ్చిన మాటలైతే కోటల దగ్గర ఆగిపోయి ఉండేవి. ఇవి మడికట్టు దాకా వచ్చాయి. పాలన చేసిన మార్పు అందులో ఉంది, పన్ను వసూలు ఉంది, ఆ మాట దాచవలసిన అవసరం లేదు. శిస్తు కట్టేవాడి పేరుగా వచ్చిన రైతు, అన్నం పెట్టేవాడి పేరుగా స్థిరపడ్డాడు. ఒక మాటకు స్వదేశం ఏది? అది పుట్టిన చోటా, అది వెయ్యి నోళ్లలో నానిన చోటా? మాట విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే, మనిషి విషయంలో చెప్పడం పెద్ద కష్టం కాదు.

ప్రకృతి వర్ణనలలో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు అన్న ప్రశ్నను ఇంగ్లీషు సాహిత్యంలో లోతుగా అడిగినవాడు రేమండ్ విలియమ్స్. ఆయన గ్రంథం 'ది కంట్రీ అండ్ ది సిటీ' 1973లో వచ్చింది. పాత ఇంగ్లీషు కవులు జమీందారుల పల్లె భవంతులను కీర్తించిన పద్యాలలో పళ్లు వాటంతటవే చేతికందుతాయి, చేపలు వాటంతటవే వలలో పడతాయి. కోసేవాడు, పట్టేవాడు మాత్రం ఉండడు. ప్రకృతి ఉదారమైనదని పొగుడుతూ శ్రమను మాయం చేశారని విలియమ్స్ చూపించాడు. ఈ కళ్లద్దాలు పెట్టుకుని మన పల్లె సాహిత్యం చదివితే ఎలా ఉంటుంది? మా తండ్రిగారు ఎద్దులకు లాడాలు కొట్టేవారు. ఎద్దును తాళ్లతో పడవేసి, గిట్టను ఒళ్లో పెట్టుకుని, అది అరిగిన తీరును బట్టి ఈ ఎద్దు రాతి నేలలో తిరుగుతోందా, నల్లరేగడిలో తిరుగుతోందా చెప్పేవారు. మన పల్లె కథలలో దుక్కి ఉంది, ఎద్దు ఉంది, ఎద్దు మెడలో గంట కూడా ఉంది. గిట్ట పట్టుకున్న మనిషి చాలా అరుదు. కళాయి పోసే సాయిబు, గాజుల సాయిబు, దూది ఏకే దూదేకుల, మామిడి తోటను గుత్తకు పట్టి రెండు నెలలు చెట్ల కిందనే కాపురం ఉండే కుటుంబం, వీరంతా పల్లె ప్రకృతిలో భాగమే. కథలోకి వచ్చేసరికి ముస్లిముకు మిగిలేవి అత్తరు, బిర్యానీ, కోట, కత్తి. ఉంటే నవాబు, లేకుంటే రౌడీ. చెట్టు కింద కూర్చున్న ముస్లిము ఎక్కడ?

ప్రకృతిని ఎదురుతిప్పి వాడుకోవచ్చునని తెలుగులో అందరికన్నా గొప్పగా చూపినవాడు గుర్రం జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం' సందేశ కావ్యం. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. మేఘం అందమైనది, ఆకాశ మార్గాన పోయేది, ఎవరూ వేలెత్తి చూపనిది. జాషువా కథానాయకుడు అంటరానివాడు. అతడు కాశీ విశ్వనాథుడికి తన మొర చెప్పి పంపడానికి ఎంచుకున్నది గబ్బిలాన్ని. లోకం దాన్ని అపశకునం అంటుంది. కానీ మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. ఇక్కడ ప్రకృతి అలంకారం కాదు, ఒక న్యాయపత్రం. గబ్బిలానికి ఉన్న హక్కు మనిషికి లేదన్న సంగతిని వాదించనవసరం లేకుండా గబ్బిలం రెక్కలు విప్పితే చాలు. దీన్ని మేము తరగతిలో చాలా ఏళ్లు 'కరుణరసం' కింద చెప్పి ముగించాం. ఈ పని తప్పని తరువాత తెలిసింది. అది కరుణ అడుగుతున్న కావ్యం కాదు, లెక్క అడుగుతున్న కావ్యం.

ఇప్పుడు మన సాహిత్యానికి వస్తున్నాం. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' దీర్ఘకవిత 1991లో వచ్చింది. బాబ్రీ మసీదు కూల్చివేత 1992 డిసెంబరు 6న జరిగింది. ఆ కవిత కూల్చివేతకు ప్రతిస్పందన అని నేటికీ కొందరు రాస్తుంటారు. నిజానికి అది ముందుగానే వచ్చింది. గోడ కూలకముందే పగులును చూసిన కవిత అది. ఇక శీర్షికను చూడండి. పుట్టుమచ్చ కన్నా సహజమైనది మరేముంది? తల్లి గర్భం నుంచి వెంట వచ్చేది. ఎవరూ వేసింది కాదు, ఎవరూ తుడవలేరు. తెలుగు ఇళ్లలో పుట్టుమచ్చను చూసి అదృష్టం చెబుతారు. బడి రికార్డులో గుర్తింపు చిహ్నంగా రాస్తారు. కవి ఆ సహజమైన గుర్తును తీసుకుని, పుట్టకముందే తన పేరు మీద నమోదైన అనుమానానికి ఆ పేరు పెట్టాడు. క్రికెట్ ఆట వచ్చినప్పుడల్లా తన దేశభక్తిని తూకం వేయడం గురించి కూడా ఆ కవిత మాట్లాడుతుంది. దేహం మీద ఉన్నట్టు కనిపించేది నిజానికి ఎదుటివాడి చూపులో ఉంది. చరిత్రను ప్రకృతిగా మార్చే కపటాన్ని బార్త్ ఒక పుస్తకంలో విప్పితే, ఖాదర్ మొహియుద్దీన్ ఒక్క తెలుగు మాటలో విప్పాడు. ఈ మాట అతిశయోక్తి అని మేము అనుకోవడం లేదు.

తరువాత వచ్చిన సంకలనాల పేర్లను వరుసలో పెట్టి చూడండి. స్కైబాబ సంపాదకత్వంలో 1998లో వచ్చిన కవితా సంకలనం 'జల్‌జలా'. అంటే భూకంపం. 2004లో ఆయన సంపాదకత్వంలోనే వచ్చిన కథల సంకలనం 'వతన్'. అంటే స్వస్థలం, స్వదేశం. పుట్టుమచ్చ, జల్‌జలా, వతన్. దేహం, భూమి, స్వస్థలం. ఎవరూ కూడబలుక్కుని పెట్టిన పేర్లు కావివి. నీకు ఈ నేల సహజం కాదు అన్నవారికి ఒక తరం రచయితలు నేల భాషలోనే జవాబు చెప్పారు. భూకంపం బయటి నుంచి రాదు కదా. భూమి లోపలి నుంచే వస్తుంది.

తెలుగు ముస్లిము నేలతో ముడిపడిన తీరు చూడాలంటే పీర్ల పండుగ చూడాలి. అనంతపురం ప్రాంతంలోని గూగూడు అనే గ్రామంలో కుళ్లాయప్ప పేరిట మొహర్రం జరుగుతుంది. కుళ్లాయి అంటే టోపీ. టోపీ పెట్టుకున్న అప్ప. ఎక్కడెక్కడి నుంచో అన్ని కులాల వారూ వస్తారు. కవి అఫ్సర్ ఆ గ్రామం మీద పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో గ్రంథం ప్రచురించారు. పీర్ల పండుగ ధర్మసమ్మతమా కాదా అని మన ఇళ్లలోనే తండ్రీకొడుకులు వాదించుకుంటున్నారని మాకు తెలుసు. ఆ వాదంలో తీర్పు చెప్పడానికి మాకు అర్హత లేదు, ఈ వేదిక అందుకు కాదు. సాహిత్య విద్యార్థులుగా మాకు కనిపించేది వేరు. ఎడారిలో దప్పికతో జరిగిన కర్బలా గాథ, రాయలసీమ కరువు పల్లెలోకి వచ్చేసరికి వాన గురించి, నీటి గురించి, పంట గురించి మొక్కుకునే గాథగా కూడా అయింది. దప్పిక తెలిసిన నేల దప్పిక కథను తనదిగా చేసుకుంది. ఇక్కడ ఏది స్వదేశ్యం, ఏది అన్యదేశ్యం? దీన్ని కేవలం 'మతసామరస్యం' అన్న ముద్ర వేసి ముగించే వ్యాసాలంటే మాకు కొంత విసుగు. మొహర్రం పదిరోజులు ముస్లిమును నెత్తిన పెట్టుకున్న ఊరు మిగతా రోజుల్లో అద్దె ఇల్లు ఇస్తుందా అన్న ప్రశ్న అడగకుండా ఆ మాట పూర్తి కాదు.

నగరం విషయానికి వస్తే మూసీ ఉంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద వేలమందిని తీసుకుపోయింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు తరువాత కూడా నిలిచి ఉంది. ఆ వరద తరువాతనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. వరదను మనం ప్రకృతి వైపరీత్యం అంటాం. నది ఒడ్డున నివసించేది ఎవరో మాత్రం ప్రకృతి నిర్ణయించదు. 2024లో మూసీ నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. నది శుభ్రపడవలసిందే, అందులో భిన్నాభిప్రాయం లేదు. నదికి అందం తేవాలన్నప్పుడు మొదట తుడిచేసేది ఎవరి ఇంటిని అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. గోడ మీది ఎర్రగుర్తును చూసిన రోజున మాకు మళ్లీ పుట్టుమచ్చ జ్ఞాపకం వచ్చింది.

అడుగుతున్నవాడు తాను నిలబడిన చోటును కూడా చూసుకోవాలని మొదట అన్నాం. ఇంతసేపూ 'వారు మనల్ని' అని మాట్లాడాం. ఆ కొలబద్దను మన మీద పెట్టుకోకపోతే ఇదంతా ఫిర్యాదుల చిట్టా అవుతుంది.

2005లో షాజహానా కవితా సంపుటి వచ్చింది. పేరు 'నఖాబ్'. ఇందాకటి మూడు పేర్ల పక్కన దీన్ని పెట్టండి. పుట్టుమచ్చ పుట్టుకతో వస్తుంది. భూకంపం భూమి నుంచి వస్తుంది. నఖాబ్ ఎక్కడి నుంచీ రాదు. ఎవరో నేస్తారు, ఎవరో కుడతారు, ఎవరో వేసుకుంటారు లేదా వేస్తారు. అస్తిత్వంలో చేతితో తయారైన భాగం ఎంత అని అడిగే పేరు అది. వేసుకోవాలా వద్దా అన్నది వేసుకునే మనిషి హక్కు. బడి గేటు దగ్గర బలవంతంగా తీయించడమూ, ఇంటి గుమ్మం దగ్గర బలవంతంగా వేయించడమూ ఆ హక్కు మీద చేయి వేయడమే. కానీ 'ఆడవాళ్ల స్వభావమే అంత' అని మన మజ్లిసులలో, మన పెళ్లి మాటలలో ఎన్నిసార్లు వినలేదు! ముస్లిముల స్వభావమే అంత అని ఎవరైనా అంటే మనకు కోపం వస్తుంది. వాక్యం ఒకటే, కర్త మారాడు.

దూదేకుల సంగతి కూడా చెప్పాలి. తెలుగే మాతృభాషగా, విల్లుతో దూది ఏకడమే వృత్తిగా బతికిన నూర్‌బాషీలు. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే పెద్ద సాయిబు అన్న అర్థం వచ్చే సామెత మనవాళ్లే నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వులో నిచ్చెన మెట్లు ఉన్నాయి. 2007లో 4 శాతం రిజర్వేషన్ బీసీ–ఇ విభాగం కింద వచ్చింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ–బి లో ఉన్నారు. రెండు జాబితాల నడుమ ఏ సంబంధం అందడం లేదన్న బాధ వారిలో ఉంది. ఉర్దూ రానివాడు సహజమైన ముస్లిము కాడన్న తీర్పు మనమే ఇచ్చాం. తెలుగు బాగా వస్తే మమ్మల్ని చూసి వారు ఆశ్చర్యపడ్డారు. ఉర్దూ రాకపోతే దూదేకుల పిల్లవాణ్ణి చూసి మనం పెదవి విరిచాం.

చివరగా ఒక మా తప్పు చెప్పుకోవాలి. ఈ ప్రసంగం తయారు చేసుకుంటున్నప్పుడు అదే పదేపదే అడ్డం వచ్చింది.

చాలా ఏళ్ల క్రితం పాఠశాల విద్యార్థుల వ్యాసరచన పోటీకి మేము న్యాయనిర్ణేతగా ఉన్నాం. అంశం 'మా ఊరి ప్రకృతి అందాలు'. నూటికి తొంభై వ్యాసాలలో ఒకటే సూర్యోదయం, ఒకటే సెలయేరు. ఆ పిల్లల్లో చాలామంది ఊళ్లలో సెలయేరు లేదు. పుస్తకంలో ఉంది కాబట్టి రాశారు. ఒక కాగితం మాత్రం వేరుగా ఉంది. ఎనిమిదో తరగతి ముస్లిం బాలిక రాసింది. వాళ్ల ఊళ్లో పచ్చగా ఉండే చోటు ఖబ్రస్తాన్ ఒక్కటేనట. అక్కడ మూడు వేపచెట్లు, ఒక చింతచెట్టు ఉన్నాయట. ఆ చింత చిగురు ఊళ్లో అన్ని కులాల వాళ్లూ కోసుకుపోతారట. ఆడపిల్లలను లోపలికి రానివ్వరు కాబట్టి తాను గోడ బయట నిలబడి కొమ్మలను చూస్తానని, నానమ్మ అక్కడే ఉంది కాబట్టి ఆ వేపగాలి నానమ్మ గాలి అని రాసింది. భాషలో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. 'వేపగాలి' అన్న మాట మాత్రం ఇప్పటికీ మరువలేదు.

మేము ఆ కాగితం మీద ఎర్రసిరాతో 'విషయాంతరం' అని రాశాం. ప్రకృతి గురించి రాయమంటే శ్మశానం గురించి రాసిందనుకున్నాం. పైగా, ఒప్పుకోవలసిందే, ముస్లిం న్యాయనిర్ణేత ముస్లిం బాలికకు బహుమతి ఇచ్చాడంటారేమో అన్న జంకు కూడా లోపల ఉంది. సెలయేరు రాసిన పిల్లవాడికి మొదటి బహుమతి ఇచ్చాం.

హోర్క్‌హైమర్‌ను, బార్త్‌ను, విలియమ్స్‌ను మేము ఆ తరువాత చదివాం. చదువుతున్నప్పుడు ప్రతి పేజీలో ఆ కాగితమే కనిపించేది. ఆ బాలిక నాలుగు చెట్లలో మాకు ఇవ్వనిది ఏదీ ఆ గ్రంథాలలో లేదు. ఎవరి నేల, ఎవరి చెట్టు, ఎవరికి ప్రవేశం ఉంది, గోడ ఎవరు కట్టారు, గోడ దాటి ఏది వస్తుంది, అన్నీ ఉన్నాయి. బయటి సమాజం గీసిన గీతా ఉంది, మనం గీసిన గీతా ఉంది.

ఆ ఊరి మీదుగా రెండేళ్ల క్రితం ప్రయాణం చేశాం. వేపచెట్లు రెండు రోడ్డు వెడల్పులో పోయాయి. చింతచెట్టు ఉంది. గోడకు కొత్తగా సున్నం వేశారు. ఆ బాలిక గురించి అడిగితే పెళ్లయి వెళ్లిపోయిందన్నారు, ఎక్కడికో సరిగా చెప్పలేకపోయారు.

ఇక్కడ ఉన్న ఉపాధ్యాయులు ఎవరైనా ఈ ఏడాది వ్యాసాలు దిద్దుతూ ఉంటే, విషయాంతరం అని మీరు పక్కన పెట్టిన కాగితాలు ఈ పత్రిక కార్యాలయానికి పంపండి. అక్షరదోషాలు మేము దిద్దుతాం. తల్లులు కూర్చున్న వైపు నుంచి ఇందాక ఎవరో చేయి ఎత్తారు. ముందు వారి ప్రశ్న వింటాం.